జతల కాగితం

పొద్దున్న ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది దాకా నా పని ముక్కులు తుడవటం. పద్నాలుగు ముక్కులు. గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంటే ఒక్కొక్కరే వచ్చి మొహం ఎత్తి నా ముందు నిలబడేవాళ్ళు. ఎవరి ముక్కు ఎందుకు కారుతుందో, ఏది జలుబో, ఏది ఏడుపో నాకు చూడగానే తెలిసిపోయేది. నా వెనకాల కుర్చీలో మా ఆయన పేపరు చదువుకుంటూ ఉండేవాడు. ఆయనది అచ్చాఫీసులో మధ్యాహ్నం రెండింటి షిఫ్టు. పొద్దున్నంతా ఇంట్లోనే. పిల్లల్ని దింపటానికి వచ్చినవాళ్ళెవరైనా "టీచరమ్మకి ఎంత ఓపికో" అంటే, పేపరు కిందికి దించకుండానే "ఇంట్లో కూర్చుని చేసేదేగా" అనేవాడు. ఒంటిగంట దాకా నేను కూర్చునేది ఆ అరగంటే. అదీ ముక్కుల కోసం.

ఇదంతా ఇరవై ఆరేళ్ళ కిందటి మాట. ఇప్పుడా ముందుగదిలో సోఫా ఉంది, గాజు బల్ల ఉంది, ఎవరూ దేనిమీదా పాలు ఒలకబొయ్యరు. అయినా పదింటివేళ కిటికీలోంచి ఎండ వచ్చి నేలమీద పడితే నా కాళ్ళు వాటంతటవే పక్కకి జరుగుతాయి, అక్కడెవరో చిన్నవాడు బోర్లా పడుకుని ఉన్నట్టు. ఆ గదికి ఒక వాసన ఉండేది. తడిసిన సుద్దముక్కలు, అరటిపండు తొక్కలు, కిటికీ ఊచలకి ఆరేసిన చిన్న చిన్న చెడ్డీలు, అన్నీ కలిసిన వాసన. అప్పట్లో దాన్ని వదిలించుకోవటానికి రోజుకి రెండుసార్లు నేల కడిగేదాన్ని. ఇప్పుడు ఎక్కడైనా దొరికితే బాగుండునని ఉంటుంది.

ఆ బడి నేను పెట్టింది కాదు, నామీద పడింది. ఎదురింటి నర్సు సెలవు అయిపోయి, రెండున్నరేళ్ళ కొడుకుని చంకనేసుకుని వచ్చి, "ఒక్క నెల చూడు వదినా, ఈలోపు ఏదో ఒక ఏర్పాటు చేసుకుంటా" అంది. నెల దాటినా ఆవిడ ఏ ఏర్పాటూ చేసుకోలేదు, నన్నే ఏర్పాటు అనుకుంది. ఆవిణ్ణి చూసి వీధి చివరి టైలరు, టైలర్ని చూసి బస్సు కండక్టరు, ఆయన్ని చూసి ఇంకెవరెవరో. మా అమ్మాయికి అప్పుడు మూడేళ్ళు. దానికి అయిదు నిండేసరికి ముందుగదిలో పద్నాలుగు మంది తేలారు. చిన్నవాడికి ఏడాదిన్నర, పెద్దదానికి అయిదున్నర. గది ఒకటే, చేతులు రెండే. "ఇల్లు బస్టాండు చేశావు" అనేవాడు మా ఆయన. అత్తగారు ఏమీ అనేది కాదు. తన కుర్చీని ఇంకాస్త గోడవైపు జరుపుకునేది.

నేను టీచరు చదువు చదవలేదు. ఆ మాటకొస్తే ఏ చదువూ ఒడ్డుకి చేరేదాకా చదవలేదు. మా ఆయన అలమారల్లో పరవటానికని అచ్చు తప్పిన కాగితాలు కట్టలుగా తెచ్చేవాడు. అచ్చు ఉన్నవైపు నేను చదివేదాన్ని, ఖాళీగా ఉన్నవైపు పిల్లలు బొమ్మలు వేసేవాళ్ళు. మొదలు లేని వ్యాసాలు, చివర తెగిపోయిన కథలు, మధ్యలో సిరా అలుక్కుపోయిన ఉపన్యాసాలు. నాకు వచ్చిన తెలివి ఏదన్నా ఉంటే ఆ తప్పు కాగితాల్లోంచి వచ్చిందే. మిగిలింది నేనే పూరించుకున్నాను.

జతలు మాత్రం ఏ కాగితంలోనూ చూసి పెట్టలేదు. మొదట్లో ఒకరోజు ఎవరికో దొడ్లో కాళ్ళు కడుగుతున్నాను. ముందుగదిలో చప్పుడు లేదు. పిల్లలున్న గదిలో చప్పుడు లేకపోతే గుండె జారిపోతుంది. తడి చేతులతో పరిగెత్తి వెళ్ళి చూస్తే, మా అమ్మాయి నర్సు కొడుకుకి గ్లాసుతో నీళ్ళు తాగిస్తోంది. ఒక చెయ్యి గ్లాసుకి, ఒక చెయ్యి వాడి గడ్డం కింద. వాడు గుటక వేసినప్పుడల్లా అది కూడా గుటక వేస్తోంది. మూడేళ్ళ పిల్ల. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. బడి అంటే ఇదే కదా అనిపించింది.

అప్పటినుంచి మూడేళ్ళలోపు వాళ్ళని చిన్నవాళ్ళనీ, ఆపైన వాళ్ళని పెద్దవాళ్ళనీ అన్నాం. ప్రతి చిన్నకీ ఒక పెద్ద. కొత్తగా చేరిన చిన్నవాళ్ళు మొదటివారం తమ పెద్ద గౌను అంచు పట్టుకుని, అది ఎటు పోతే అటు తిరిగేవాళ్ళు. అది బొమ్మ వేస్తే పక్కన కూర్చునేవాళ్ళు, అది ఒంటేలుకి పోతే తలుపు బయట నిలబడేవాళ్ళు. నాలుగో రోజుకి ఏడుపు మానేసేవాళ్ళు. నేనెంత ఎత్తుకుని తిప్పినా మాననిది, నాలుగేళ్ళ పిల్ల "ఇదిగో, ఇది మన కిటికీ" అని చూపిస్తే మానేవాళ్ళు. ఎవరికి ఎవరు జతో ఒక అచ్చు తప్పిన కాగితం వెనక రాసి గోడకి అంటించాను. ఎడమవైపు చిన్నలు, కుడివైపు పెద్దలు. దాన్ని జతల కాగితం అనేవాళ్ళం. పిల్లలకి చదవటం రాకపోయినా ఏ గీతలు ఎవరివో తెలుసు. రోజూ వచ్చి వేలు పెట్టి చూసుకునేవాళ్ళు.

ఎంత బాగుండేదో. కండక్టరు కూతురికి నత్తి. మాతో మాట్లాడాలంటే మెడ నరాలు ఉబ్బేవి. తన జతలో ఉన్న ఇద్దరు చిన్నవాళ్ళకి కథ చెప్పేటప్పుడు మాత్రం నీళ్ళలా చెప్పుకుపోయేది. పదిదాకా లెక్కపెట్టటం రాదని ఇంట్లో తిట్లు తినే పిల్ల, చిన్నదాని గౌను గుండీలు పెడుతూ ఒకటి, రెండు, మూడు అని దానికి నేర్పేది. నేర్పటం కోసం తను నేర్చుకునేది. ఒకే వయసు వాళ్ళని ఒకచోట కూర్చోబెట్టే బళ్ళలో ఎవరు ముందో ఎవరు వెనకో చూసుకోవటంతోనే సరిపోతుంది. మా గదిలో వెనకబడటానికి వరసే లేదు. ఈ మాట నేను వచ్చినవాళ్ళందరికీ చెప్పేదాన్ని. చెప్పి, ఆఖర్న నా కథ కూడా చెప్పేదాన్ని. ఆరేళ్ళకే తమ్ముణ్ణి చంకనేసుకుని తిరిగానని, వాడికి తినిపించి, కడిగి, జోకొట్టి పెంచానని. గర్వంగానే చెప్పేదాన్ని.

మా అమ్మాయిని గదిలో అందరూ అక్క అనేవాళ్ళు. దానికన్నా ఆరునెలలు పెద్దదైన కండక్టరు కూతురు కూడా అక్కా అనే పిలిచేది. దాని జతలో ఇద్దరు. అందులో ఒకడు టైలరు చిన్నకొడుకు, ఇరవై నెలల వాడు. వాణ్ణి జిగురు అనేవాళ్ళం. ఒకసారి దాని గౌను పట్టుకున్నాడంటే చాకిరేవులో కూడా వదలడు. ఇంకో నియమం కూడా ఉండేది, నేను పెట్టిందే. తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా అది నన్ను అమ్మా అనకూడదు, టీచరమ్మా అనాలి. మిగతా పిల్లలు చిన్నబుచ్చుకుంటారని. రెండేళ్ళలో ఒక్కసారి కూడా అది తప్పలేదు. "ఎంత బుద్ధిమంతురాలో" అని నర్సు మెచ్చుకుంటే నేను పొంగిపోయాను.

అంతా ఇలా నడుస్తూ ఉండగా శిశు సంక్షేమం ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఇంట్లో ఆరుగురికన్నా ఎక్కువ పిల్లల్ని చూసుకునేవాళ్ళు ఇకనుంచి అనుమతి తీసుకోవాలట. అధికారి వచ్చి చూస్తారట. లేకపోతే మూసెయ్యాలట. నేను ఆ కాగితం పట్టుకుని చాలాసేపు ముందుగదిలో నిలబడ్డాను. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆ ఇంట్లో నాది అని నేను అనుకున్నది ఆ గది ఒక్కటే. వంటింట్లో ఎంతసేపున్నా అది అత్తగారిది, పడకగది ఆయనది. ఈ గదిలో మాత్రం గోడకి మేకు కొట్టాలన్నా నన్నే అడిగేవాళ్ళు. అడిగేవాళ్ళు మూరెడెత్తు ఉన్నా సరే.

కాగితం చూడగానే మా ఆయనకి ఎక్కడలేని హుషారు వచ్చింది. అప్పటిదాకా బస్టాండు అన్నది ఒక్కసారిగా "మన సంస్థ" అయింది. అచ్చాఫీసు నుంచి మంచి తెల్ల కాగితం తెచ్చి, స్కేలు పెట్టి, ఎర్రసిరాతో గీతలు గీశాడు. "వయసుల వారీగా పిల్లల్ని ఎలా విభజించారు అని అడుగుతున్నారు. మనం ఏం చెప్తాం? అందర్నీ ఒక గంపలో పోశామని చెప్తామా?" అన్నాడు. మూడేళ్ళలోపు ఆరుగురు పడకగదిలో, అత్తగారి దగ్గర. ఆ పైన ఎనిమిదిమంది ముందుగదిలో, నా దగ్గర. మధ్యలో తలుపు వెయ్యాలి. గంట కొట్టినప్పుడు తియ్యాలి. గంట ఆయనే కొంటాడు. నేను జతల సంగతి చెప్పబోయాను. "ఇదిగో, నువ్వు పని చెయ్యి. పద్ధతి నాకు వదిలెయ్యి" అన్నాడు. ఇంట్లో సగం కొట్లాటలు ఇక్కడే మొదలవుతాయి. పని చేసేవాళ్ళు ఒకరు, పద్ధతి చెప్పేవాళ్ళు ఇంకొకరు.

అయిదు రోజులు నడిచింది ఆ పద్ధతి. పడకగదిలో ఒకడు ఏడుపు అందుకుంటే ఆరుగురూ అందుకునేవాళ్ళు. ఒకడు తడిపితే ఆరుగురూ తడిపేవాళ్ళు. అరటిపండు ఎలా ఒలవాలో చూపించేవాళ్ళు లేక తొక్కతోనే కొరికేవాళ్ళు. జిగురు పొద్దున్న తొమ్మిదికి తలుపుకి అంటుకుంటే ఒంటిగంటకి తీసేవాళ్ళం. అత్తగారు మంచం మధ్యలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని, "వరదొచ్చినట్టుంది అమ్మాయ్" అనేది. ఇవతల ముందుగదిలో పెద్దవాళ్ళు తోడేళ్ళయ్యారు. ఎనిమిదిమందికీ ఆటచెక్కల్లో ఒకే ఎర్ర చెక్క కావాలి. చిన్నవాళ్ళు పక్కన ఉన్నప్పుడు మెల్లిగా నడిచిన కాళ్ళే ఇప్పుడు గోడలు తన్నుతున్నాయి. మూడోరోజు ఎవరో ఎవర్నో కొరికారు. గంట మాత్రం చాలా బాగా మోగింది. శుక్రవారం మధ్యాహ్నం అత్తగారు బయటికి వచ్చి, కొడుకు ఎదురుగా నిలబడి, "సోమవారం ఆ గదిలో నువ్వు కూర్చో" అని చెప్పి తన కుర్చీలోకి వెళ్ళిపోయింది. ఎర్రగీతల కాగితం గోడమీంచి దిగింది.

సోమవారం తలుపు తీసేశాం. జతల కాగితం మళ్ళీ పైకెక్కింది. చిన్నవాళ్ళు ఎగురుకుంటూ వచ్చి ఎవరి గౌను వాళ్ళు పట్టుకున్నారు. నాకైతే పండగలా ఉంది. గెలిచాను కదా. వచ్చినవాళ్ళందరికీ చెప్పాను, చూశారా, నేను చెప్పలేదూ అని. జిగురు పరిగెత్తి వెళ్ళి మా అమ్మాయి గౌను రెండు చేతులా పట్టుకుని మొహం అందులో దాచుకున్నాడు. అది వాడి తల మీద చెయ్యి వేసి నిలబడింది. దాని ఎడమచేతిలో ఇంకా చెక్కముక్క ఉంది. ఆ అయిదు రోజులూ అది కిటికీ కింద ఏదో కడుతూ ఉండేది, నేను సరిగ్గా చూడలేదు. ఆ చెక్కముక్కని మెల్లిగా బుట్టలో వేసేసి, నా దగ్గరికి వచ్చి, జిగురు వెనకాల వేలాడుతూ ఉండగానే అడిగింది.

"టీచరమ్మా, నేనెప్పుడు చిన్నదాన్నవుతాను?"

నేను నవ్వాను. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళవరే పిచ్చిదానా అన్నాను. అది తల ఊపి, జిగురు ముక్కు తుడవటానికి గుడ్డ కోసం వెళ్ళింది. ఆ మాట నాకు ఎంత ముద్దొచ్చిందంటే మధ్యాహ్నం ఆయనకి అన్నం పెడుతూ చెప్పాను. ఆయన కూడా నవ్వాడు. అచ్చాఫీసులో అందరికీ చెప్తానన్నాడు. అత్తగారు మాత్రం నవ్వలేదు. కంచంలో చెయ్యి ఆపి, "దానికి ఏం సమాధానం చెప్పావు?" అని అడిగింది. చెప్పాను. ఆవిడ మళ్ళీ కంచంలోకి వంగింది. ముసలావిడకి హాస్యం తెలీదు అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఈ రోజుకీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ గురువారమే ఆఫీసరమ్మ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి, నడిచి నడిచి పాదాలు వాచిపోయి ఉన్నాయి. పెద్ద కుర్చీ వేస్తే వద్దని, పిల్లల కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, ఫైలు ఒళ్ళో పెట్టుకుని, గంటన్నర పిల్లల్ని చూసింది. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని పక్కన నిలబడ్డాడు. జతల గురించి ఆయనే వివరించాడు. నా మాటలే, ఒక్కటి కూడా పొల్లు పోకుండా. వెనకబడటానికి వరసే లేదు మేడం అన్నాడు. ఎర్రగీతల సంగతి ఎత్తలేదు. ఆఫీసరమ్మ మొహం మెత్తబడుతూ వచ్చింది. పిల్లలు కూడా ఆ రోజు చూడముచ్చటగా ఉన్నారు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకి పాలు తాగిస్తున్నారు, మూతులు తుడుస్తున్నారు.

అంతలో జిగురు గ్లాసు తన్నేశాడు. పాలు గదిలో సగం దాకా పారాయి. నేను కదిలేలోపే మా అమ్మాయి గుడ్డ తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని తుడవటం మొదలుపెట్టింది. ఒక చెయ్యి తుడుస్తోంది, ఒక చెయ్యి జిగురు పాలలో పడకుండా వాడి చొక్కా పట్టుకుంది. దాని పక్కనే నర్సు కొడుకు చెక్కలతో వంతెన కడుతున్నాడు. ఎప్పుడూ ఏదో ఒకటి కడుతూనే ఉంటాడని వాణ్ణి ఇంజనీరు అనేవాళ్ళం. పాలు వంతెన వైపు పారుతుంటే వాడు తల కూడా తిప్పకుండా "అక్కా, ఇటు తుడువు, తడిసిపోతుంది" అన్నాడు. అది మోకాళ్ళ మీద పాక్కుంటూ వంతెన చుట్టూ తిరిగింది. ఒక్క చెక్క కూడా కదలకుండా ఒళ్ళు దగ్గరికి తీసుకుని తిరిగింది. ఆ ఒళ్ళు దగ్గరికి తీసుకోవటం నాకు తెలుసు. నేనూ అలాగే తిరుగుతాను, పేపరు చదివే మనిషి కాళ్ళ చుట్టూ, చీపురు పట్టుకుని.

"వీణ్ణి ఎవరు చూస్తారు?" అని ఆఫీసరమ్మ జిగురుని చూపించి అడిగింది.

"మా అమ్మాయే మేడం" అన్నాడు మా ఆయన. "అయిదేళ్ళకే తల్లి మనసు వచ్చేసింది దానికి. మనం ఒక్క మాట చెప్పక్కర్లేదు."

నేను గోడ మీది కాగితం వైపు చూశాను. ఎన్నిసార్లు చూసుంటాను దాన్ని. నా చేతిరాతే. ఎడమవైపు ఆరుగురు చిన్నలు. కుడివైపు నాలుగు పేర్లు. మా అమ్మాయికి ఇద్దరు, కండక్టరు కూతురికి ఇద్దరు, ఇంకో ఇద్దరు ఆడపిల్లలకి ఒక్కొక్కరు. గదిలో పెద్దవాళ్ళు ఎనిమిదిమంది. మిగతా నలుగురూ ఏరి? ఇంజనీరు వంతెన కడుతున్నాడు. ఇంకొకడు కిటికీ ఎక్కి బస్సులు చూస్తున్నాడు. ఇద్దరు కుస్తీ పడుతున్నారు. రెండేళ్ళలో ఆ కాగితం తొమ్మిదిసార్లు మార్చి రాశాను. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, కుడివైపు మగపిల్లాడి పేరు రాయలేదు. రాయకూడదని ఎవరూ చెప్పలేదు. నేనూ అనుకోలేదు. నా చెయ్యే రాసుకుపోయింది. మూడేళ్ళప్పుడు నర్సు కొడుకు గడ్డం కింద చెయ్యి పెట్టి నీళ్ళు తాగించింది మా అమ్మాయి. వాడు పెద్దవాడై వంతెనలు కడుతున్నాడు, అది ఇంకా గడ్డాల కింద చెయ్యి పెడుతూనే ఉంది. ఆ తలుపు వేసిన అయిదు రోజులే దాని చేతికి చెక్కముక్క దొరికింది. మా ఆయన పద్ధతి బుర్రలేని పద్ధతి. కానీ ఆ బుర్రలేని పద్ధతిలో నా కూతురు అయిదు రోజులు ఆడుకుంది. నా మంచి పద్ధతిలో రెండేళ్ళు పని చేసింది.

తమ్ముణ్ణి చంకనేసుకున్నానని గర్వంగా చెప్పుకునేదాన్ని కదా. వాణ్ణి వేసుకుని ఎక్కడ నిలబడ్డానో ఎప్పుడూ చెప్పలేదు. మా వీధి బడి కిటికీ బయట. లోపల నా ఈడు పిల్లలు పలకల మీద రాస్తుంటే, వాళ్ళ చేతులు చూసి, ఖాళీగా ఉన్న నా రెండో చేత్తో గాల్లో రాసేదాన్ని. వాడు ఏడిస్తే లోపలి మాస్టారు కిటికీ మూసేసేవాడు. దీన్ని ఎవరు నాకు గర్వం కింద మార్చి ఇచ్చారో, నేనెప్పుడు పుచ్చుకున్నానో నాకే గుర్తులేదు.

ఆఫీసరమ్మ ఫైలు తెరిచింది. చాలా బాగుందమ్మా, ఇలాంటి క్రమం నేనెక్కడా చూడలేదు అంటూ ఒక్కొక్కటే రాసుకుపోయింది. గాలి, వెలుతురు, నీళ్ళు. ఆఖరి గడి దగ్గర పెన్ను ఆపి, "ఇక్కడ పని చేసేవాళ్ళు ఎంతమంది?" అంది.

"ముగ్గురం మేడం" అన్నాడు మా ఆయన.

"ఇద్దరం" అన్నాను. "ఒకదానికి ముప్పై ఒకటి. ఒకదానికి అయిదు."

మా ఆయన నవ్వబోయి ఆగాడు. ఆఫీసరమ్మ నా వైపు చూసింది, తరవాత నేల మీద పాలు తుడుస్తున్న దాని వైపు చూసింది, గోడ మీది కాగితం వైపు చూసింది. ఆవిడ కళ్ళు కుడివైపు పేర్ల మీద కిందిదాకా దిగాయి. పెన్ను మూత పెట్టేసింది.

"ఈ మాట మీరు అనకపోతే నేను సంతకం పెట్టి వెళ్ళిపోయేదాన్నమ్మా."

తెలుసన్నాను.

పది రోజులు గడువు ఇచ్చింది. రెండో పెద్ద, నిజంగా వయసొచ్చిన పెద్ద, ఆ గదిలో పొద్దున్నంతా ఉండాలి. అప్పుడు మళ్ళీ వస్తానంది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర వంగి చెప్పులు వేసుకుంటూ, మా ఇంట్లో పెద్దదాన్ని నేనే అంది. అంతే అంది.

ఆవిడ వీధి మలుపు తిరిగిందో లేదో మా ఆయన మొదలుపెట్టాడు. నోరు ఊరుకోదా నీకు అన్నాడు. సంతకం కాగితం మీద పడబోతుంటే చేతులారా చెడగొట్టుకున్నావన్నాడు. పరాయి మనిషి ముందు నా పరువు తీశావన్నాడు. ఇన్నేళ్ళలో అలాంటివి విన్నప్పుడు నేను వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కడిగేదాన్ని. ఆరోజు కూడా కాళ్ళు అటే వెళ్ళబోయాయి. ఆపుకున్నాను.

"అయినా ఇందులో ఏముంది? అమ్మ ఉందిగా" అన్నాడు చివరికి. "అమ్మ పేరు రాద్దాం."

అత్తగారు కుర్చీలోంచి కదలలేదు. "నా పేరు ఎత్తకు" అంది. "నేను నా ఆరో ఏట మొదలుపెట్టాను. నా వెనక ఆరుగురు. తరవాత మీరు ముగ్గురు. నా వంతు ఎప్పుడో అయిపోయింది. ఈ కుర్చీలోంచి ఎవరు లేపుతారో నేనూ చూస్తా."

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన తరవాత ఆవిడ ఒకే ఊపున అంత మాట్లాడటం అదే మొదలు. మా ఆయన తల్లిని అప్పుడే చూసినట్టు చూశాడు. నేనూ అలాగే చూశాను. గోడవైపు జరుపుకున్న ఆ కుర్చీని పదకొండేళ్ళు పొగరు అనుకున్నాను.

"అయితే మిగిలింది మీరే" అన్నాను.

రాత్రి దాకా అచ్చాఫీసులో నిలబడే మనిషికి పొద్దున్నపూట కాస్త విశ్రాంతి ఉండొద్దా అన్నాడు. ఉండాలన్నాను. మీకూ ఉండాలి, అయిదేళ్ళదానికీ ఉండాలన్నాను. అది మగవాళ్ళు చేసే పనేనా అన్నాడు. ముగ్గురం అని చెప్పినప్పుడు ఆ మూడోవాళ్ళు ఎవరనుకున్నారు అన్నాను. షిఫ్టుకి టైమైందని బట్టలు మార్చుకోవటానికి లేచాడు. అప్పుడు చెప్పాను, గొంతు పెంచకుండానే.

"మీరు రాకపోతే సోమవారం నుంచి గది మూసేస్తాను. నేను ఎవరికీ చెప్పను. పొద్దున్నే గుమ్మంలో నిలబడి నర్సుకి మీరే చెప్పండి, టైలరుకి చెప్పండి, కండక్టరుకి చెప్పండి. మీ సంస్థే కదా."

నాకున్నది ఆ గది ఒక్కటే. దాన్నే పందెం కాశాను. నిజంగా మూసేసేదాన్నా? మూసేసేదాన్నే. కూతురి చేత పని చేయించి నిలబెట్టుకునే గది నాదెలా అవుతుంది?

ఆడపిల్లల్ని ముందే అడిగి, ఆదివారం కొత్త కాగితం రాశాను. ఇంజనీరుకి జిగురు. కిటికీ ఎక్కేవాడికి ఒకరు. కుస్తీవాళ్ళకి చెరొకరు. కండక్టరు కూతురు తనే అడిగి ఒకర్ని ఉంచుకుంది, కథకి వినేవాళ్ళు కావాలంది. మిగిలిన ఒకరిని ఆడపిల్లలిద్దరూ రోజు విడిచి రోజు చూసుకుంటామన్నారు. మా అమ్మాయి పేరు కుడివైపు లేదు, ఎడమవైపూ లేదు. కాగితం అడుగున "సహాయం" అని రాసి మా ఆయన పేరు పెట్టాను.

సోమవారం మా ఆయన పేపరు మడిచి గదిలోకి వచ్చాడు. ఇంజనీరు గొడవకి దిగాడు. నాకు రాదు టీచరమ్మా, అది అమ్మాయిలు చేస్తారు అన్నాడు. వంతెన కట్టటం పుట్టగానే వచ్చిందా అన్నాను. వీడు నా వంతెన పడేస్తాడు అన్నాడు. పడేస్తాడు, వాడి చేతే మళ్ళీ కట్టించు అన్నాను. నీళ్ళు తాగిస్తే సగం జిగురు చొక్కాలో పోశాడు. మా ఆయన మొదటి పిల్లాడికే చెడ్డీ ముందూ వెనకా తారుమారుగా తొడిగి, వాడు నడవలేకపోతుంటే కాలు నెప్పేమోనని మందు వెతికాడు. కుస్తీవాళ్ళు మాత్రం నా నోరు మూయించారు. తమ చిన్నవాళ్ళని పక్కన కూర్చోబెట్టి, కుస్తీ ఎలా పడాలో ఎంత మెత్తగా నేర్పారంటే, నేను చూస్తూ ఉండిపోయాను. వాళ్ళకి ఆ మెత్తదనం ముందునుంచీ ఉంది. ఎవరూ అడగలేదంతే. నేనూ అడగలేదు.

గడువు తీరగానే ఆఫీసరమ్మ వచ్చి సంతకం పెట్టింది. ఆ ముందుగది ఆ తరవాత పదహారేళ్ళు నడిచింది. మా ఆయన ముక్కులు తుడవటంలో చెయ్యి తిరిగినవాడయ్యాడు. ఆ సంగతి తనే కనిపెట్టినట్టు చెప్పుకుని తిరిగేవాడు, తిరగనిచ్చాను. ఇప్పుడు పిల్లలు లేని ఆ గదిలో కూర్చుంటే నాకు సంతకం రోజు గుర్తుకు రాదు. కొత్త కాగితం పెట్టిన మూడోరోజు గుర్తుకొస్తుంది.

ఆ రోజు పదింటివేళ మా అమ్మాయి గది మధ్యలో చేతులు వేలాడేసుకుని నిలబడి ఉంది. చెక్కలున్నాయి, కాగితాలున్నాయి, కానీ అటూ ఇటూ చూస్తూ, ఎవరైనా ఏదైనా చెప్తారేమోనని నిలబడింది. ఖాళీగా ఉండటం కూడా నేర్చుకోవాలి కాబోలు. నేను దాన్ని వరండాలోకి తీసుకెళ్ళి మెట్టు మీద కూర్చుని, రా, ఒళ్ళో కూర్చో అన్నాను. అది వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరినైనా పిలిచానేమోనని. తరవాత వచ్చి నా మోకాలి చివర, బస్సులో సగం సీటు దొరికినవాళ్ళలా, వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. నేను దగ్గరికి లాక్కున్నాను. దాని జుట్టుకి పాల వాసన, ఎవరివో పాలు.

"ఎంతసేపు కూర్చోవచ్చు?" అని అడిగింది.

లోపల జిగురు అందుకున్నాడు. అక్కా అని ఒకటే కేక. వాడి వెనకాల ఇంజనీరు, వీడు ఆగట్లేదు టీచరమ్మా అని. వాడి వెనకాల మా ఆయన, ఇదిగో, ఒక్కసారి ఇటు రావాలి అని. నా ఒళ్ళో దాని ఒళ్ళు బిగుసుకుంది. అది అనుకోకుండానే దాని కుడికాలు జారి నేలని తాకింది.

ఆ కాలు పట్టుకుని పైకి తీసి నా ఒళ్ళో పెట్టుకున్నాను. లోపల మళ్ళీ పిలిచారు. నేను లేవలేదు.